డైరెక్టర్ గారి సున్నా

యంత్రానికి పసుపు రాశారు, బొట్టు పెట్టారు. తెరకి అడ్డం పడకుండా చామంతి దండ వేసి, కరెంటు తీగకి నిమ్మకాయ కట్టారు. నెత్తురు చుక్కని చదివి కడుపులో కణితి పుడుతోందో లేదో చెప్పే యంత్రం అది. దానికి దిష్టి తగులుతుందని భయం. గదిలో ఉన్నవాళ్ళలో సగానికి పైగా డాక్టరేట్లు ఉన్నవాళ్ళే. ఒక్కరికీ నవ్వు రాలేదు. దసరాకి ప్రయోగశాలలో ఆయుధపూజ మామూలే మరి.

డైరెక్టర్ సోమయాజులు గారు కొబ్బరికాయ కొట్టారు. పట్టు లాల్చీ చెయ్యి పైకి మడిచి, ముందు వరసలో కూర్చున్న ఢిల్లీ అతిథుల వైపు తిరిగారు. బోణీ తనదే అన్నారు. జన్మలో మాంసం ముట్టని నెత్తురు ఎలా ఉంటుందో యంత్రం తన నెత్తురు చూసి నేర్చుకుంటుందన్నారు. ల్యాబు టెక్నీషియన్ యాకోబు ఆయన చేతికి రబ్బరు పట్టీ కట్టి, సూది గుచ్చి, నెత్తురు తీసి యంత్రంలో వేశాడు.

ఆ యంత్రాన్ని కట్టింది వకుళ. వాళ్ళమ్మ అండాశయం కణితితో పోయింది. డాక్టర్లు కనిపెట్టేసరికి కడుపంతా నీరు పట్టింది. ఆరునెలల ముందు తెలిసుంటే బతికేదని ఒక డాక్టరు ఊరికే అన్న మాట వకుళ మెదడులో దిగబడిపోయింది. అప్పటినుంచి చక్కెర గొలుసుల మీదే పడింది.

టీలో వేసుకునే చక్కెర కాదు ఇది. మన ఒంట్లో ప్రొటీన్లకి కొమ్మలు కొమ్మలుగా చీలిన చిన్న చిన్న గొలుసులు వేలాడుతుంటాయి. ఏ కొమ్మ ఎక్కడ చీలింది, కొసన ఏ చక్కెర కూర్చుంది అన్నది తెలిస్తే ఆ ఒంటి సంగతి తెలుస్తుంది. తెలుసుకోవాలంటే నరకాలి. ఒక్కో ఎంజైము ఒక్కో రకం చక్కెరనే కత్తిరిస్తుంది, అదీ కొసనుంచే. ఏది వేస్తే ఏది రాలిందో చూసుకుంటూ వెనక్కి నడవాలి. చదవడం అయ్యేసరికి చదివిన గొలుసు మిగలదు. చేత్తో చేసిన రోజుల్లో ఒక్క ప్రొటీనుకి నెలలు పట్టేది. వకుళ యంత్రం మనం టీ తాగి వచ్చేలోగా చదివి పెడుతుంది.

కొసన కూర్చునే చక్కెరల్లో ఒకదాన్ని మనిషి ఒళ్ళు చేసుకోలేదు. ఆవు చేసుకుంటుంది, గేదె, మేక, పంది చేసుకుంటాయి. మనకి అది తిండిలోంచే రావాలి. కోడిలో ఉండదు, చేపలో ఉండదు. కణితి పుట్టిందంటే ఈ పరాయి చక్కెరని ఎక్కడ రవ్వంత ఉన్నా లాక్కుని తన గొలుసులకి తగిలించుకుంటుంది, కాస్త కాస్తగా నెత్తుట్లోకి రాలుస్తుంది. యంత్రం దాన్ని తెరమీద గీతగా చూపిస్తుంది. ల్యాబులో ఆ గీతకి పశుగీత అని పేరు పెట్టుకున్నారు.

ఇక సున్నా సంగతి. యంత్రానికి సున్నా ఎక్కడ పెడితే అక్కడినుంచే కొలుస్తుంది. దాని కింద ఏమున్నా చూపించదు. అందుకని ఆ పరాయి చక్కెర ఏమాత్రం లేని, జబ్బులేని మనిషి నెత్తురు ఒకటి కావాలి. యంత్రం కట్టే రోజుల్లో ల్యాబులో అందరూ తమ నెత్తురూ ఇంట్లోవాళ్ళ నెత్తురూ ఇచ్చారు. అందరికీ ఎంతో కొంత గీత లేచింది. యాకోబు భార్య గంగరత్నం నెత్తుటికి మాత్రం లేవలేదు. నేలమీద గీసినట్టు ఉండిపోయింది.

గంగరత్నం బందరు దగ్గర గిలకలదిండి మనిషి, పడవలవాళ్ళ ఇంటి పిల్ల. యాకోబుది తెనాలి దగ్గర మాలపల్లె. ఇద్దరూ ప్రేమించుకుని చర్చిలో పెళ్ళి చేసుకుని హైదరాబాదు వచ్చేశారు. ఆమె ఉప్పల్లో బుట్ట పెట్టుకుని ఎండుచేపలు అమ్ముతుంది. యాకోబు ఆదివారం పెద్దకూర తెచ్చుకుంటే వండి పెడుతుంది గానీ తను ముట్టదు, ఆ వాసన పడదు. పాలు తాగితే కడుపు ఉబ్బరం. చేప, గుడ్డు, అన్నం, నల్ల టీ.

ఆ రోజు తెర చూసి యాకోబు భార్యని ఆట పట్టించాడు.

“చూశావా, నీది చప్పిడి నెత్తురంట.”

“ఉప్పుచేప తిన్న నెత్తురు చప్పిడెట్టా అయిద్ది? మీ మిసను నాలిక్కే రుచి తెలవదు,” అంది గంగరత్నం.

వకుళ నవ్వింది. గంగరత్నం చెయ్యి పట్టుకుని, మాకు కావాల్సిన సున్నా దొరికింది రత్నం అంది. ఆ నెత్తుటిని చిన్న చిన్న గొట్టాల్లో పోసి ఫ్రీజరులో పెట్టింది.

సోమయాజులు గారికి ఈ సంగతి చెబితే ఆయన ముఖం అదోలా అయింది. చెడ్డవాడేం కాదాయన. యాకోబు కొడుక్కి స్కూలు సీటు ఇప్పించింది ఆయనే. కానీ కొన్ని విషయాలు ఆయనకి ప్రశ్నలుగా తోచవు. శాకాహారి నెత్తురు కావాల్సిన చోట వాళ్ళ నెత్తురు పెట్టడమేమిటమ్మా, మా ఇంట్లో ఏడు తరాలుగా నీచు లేదు, నాది తీసుకో అన్నారు. ఫారంలో ఆహారం అన్న చోట వకుళ శాకాహారం అని రాసేసింది. ఏం తింటారు, ఏం తాగుతారు అని అడగలేదు. యాకోబుని అడిగింది, గంగరత్నాన్ని అడిగింది, గేటు దగ్గర వాచ్‌మన్‌ని కూడా అడిగింది. ఆయన్ని అడగలేదు. ఇంటిపేరు చూసి నింపేసింది. పెద్ద పెద్ద విదేశీ పత్రికల్లో వ్యాసాలు వేసిన మనిషి చేసిన పని ఇది. ఇంకే దేశంలోనూ ఏ శాస్త్రజ్ఞుడికీ ఈ తప్పు చెయ్యడం చేతకాదు.

దసరా నాటి ఆ బోణీ దగ్గరికి వద్దాం. యంత్రంలో ఇంకా గంగరత్నం సున్నాయే ఉంది. అందరూ తెర వైపు చూస్తున్నారు. పశుగీత లేచింది. కాస్తో కూస్తో కాదు, తాటిచెట్టులా లేచింది.

ఢిల్లీ అతిథుల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. వెనక ఎవరో కుర్రాడు నవ్వబోయి ఆపుకున్నాడు. సోమయాజులు గారు చిరునవ్వు చెదరకుండా, చాలా మెత్తగా అడిగారు.

“యాకోబూ, చేతులు కడుక్కున్నావా?”

అందరి కళ్ళూ యాకోబు చేతుల మీదికి వెళ్ళాయి. చేతులకి తొడుగులు ఉన్నాయి. అయినా అందరూ చూశారు. వకుళ కూడా చూసింది.

“కడుక్కున్నాను సార్. నేను తినేది తింటాను, దాచుకోను. కానీ అది నా చేతుల్లోంచి మీ నెత్తుట్లోకి రాదు,” అన్నాడు యాకోబు.

పొరపాటున శాంపిల్ మారి ఉంటుందని ప్రకటించారు. ప్రసాదం పంచారు. వారం తిరక్కుండా యాకోబుని జంతుశాలకి మార్చారు. శిక్ష కాదు, పరిపాలనా సౌలభ్యం అని కాగితంలో రాశారు. పదిహేనేళ్ళుగా నెత్తురు తీసినవాడు ఎలుకల బోనులు కడిగే పనికి పోయాడు. వెళ్ళే ముందు వకుళ గదికి వచ్చి, మీకు తెలుసు కదా మేడమ్ అన్నాడు. తెలుసుకుంటాను, చెప్తాను, కొంచెం ఆగు అంది ఆమె.

తెలుసుకుంది కూడా. ఆమెకి ఒక అనుమానం తగిలింది. ఇంట్లో పాలు మానేసింది. పెరుగు, నెయ్యి, కాఫీలో పాలు అన్నీ ఆపేసింది. నల్ల కాఫీ తాగుతున్న ఆమెని చూసి భర్త, ఎవరి మీద అలిగావు అని అడిగాడు. కొన్ని వారాలకొకసారి తన నెత్తురు తనే తీసుకుని యంత్రంలో వేసుకునేది. గీత దిగుతూ వచ్చింది. మళ్ళీ పెరుగన్నం మొదలు పెడితే మళ్ళీ లేచింది. మాంసం అక్కర్లేదు. పాలలోనూ ఆ చక్కెర ఉంది. ఆమె యంత్రం అంత సన్నటి చూపుది. మూడుపూటలా పెరుగు, ముద్దముద్దకీ నెయ్యి, పడుకోబోయే ముందు గ్లాసుడు పాలు తాగే డైరెక్టరు గారి నెత్తుట్లో గేదె కూర్చుని ఉంది. ఎండుచేపలమ్మే గంగరత్నం నెత్తుట్లో లేదు.

వకుళ ఆ కాగితాలు పట్టుకుని సోమయాజులు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, హాయిగా ఊపిరి వదిలారు.

“పాలే కదా అమ్మా. చంపావు పో. నేను కాశీలో తిన్న హోటలు భోజనం దాకా అనుమానించాను. పాలు అందరూ తాగుతారు. కాబట్టి నా గీత దగ్గరే సున్నా పెట్టు.”

వకుళ ఒప్పుకోలేదు. పాలు తాగనివాళ్ళున్నారు, కొనుక్కోలేనివాళ్ళున్నారు, పడనివాళ్ళున్నారు, వాళ్ళ కణితి ఆ సున్నా కింద మునిగిపోతుంది సార్ అంది. గంగరత్నం నెత్తుటి దగ్గరే సున్నా పెట్టి, గీత లేచినవాళ్ళని ఏం తిన్నారో అడగాలి, కొన్నాళ్ళు మానిపించి మళ్ళీ చూడాలి అంది. దిగితే తిండి, దిగకపోతే కణితి.

ఆయన ఓపిగ్గా విన్నారు. అప్పుడు దేశంలో సగం మందికి గీత లేస్తుంది, సగం మందిని భయపెట్టే యంత్రాన్ని ఏ ఆసుపత్రి కొంటుంది అన్నారు. యంత్రం మూల పడితే మీ అమ్మలాంటి వాళ్ళు ఎంతమంది పోతారో ఆలోచించావా అన్నారు. ఆ మాట ఆమెకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

యాకోబు సంగతి అడిగింది. ఇప్పుడెందుకమ్మా అది, ఆసుపత్రులతో ఒప్పందం అయిపోనీ, నేనే వెనక్కి పిలుస్తాను అన్నారు ఆయన.

సున్నాని వకుళే మార్చింది. తన గదిలో, తన చేత్తో, పట్టపగలు. ఆయన వచ్చి చెయ్యి పట్టుకుని చేయించలేదు. చదువుకున్నవాళ్ళ చేత తప్పు చేయించాలంటే బలవంతం అక్కర్లేదు, మంచి కారణం ఒకటి చేతికిస్తే చాలు.

యంత్రాలు ఆసుపత్రులకి వెళ్ళాయి. పాలూ పెరుగూ తినే ఇళ్ళ ఆడవాళ్ళు చాలామంది నిజంగానే బతికారు. పూలగుత్తులు పట్టుకుని ల్యాబుకి వచ్చేవాళ్ళు, వకుళ కాళ్ళకి దండం పెట్టబోయేవాళ్ళు. యాకోబు జంతుశాలలోనే ఉన్నాడు. కారిడార్లో ఎదురైతే నమస్తే మేడమ్ అనేవాడు. ఆగు అన్న మాట గుర్తు చేసేవాడు కాదు. గుర్తు చేసినా బాగుండేది.

వేసవిలో ఉద్యోగుల కుటుంబాలకి ఉచిత పరీక్షలు పెట్టారు. గంగరత్నం వచ్చింది. మనిషి కాస్త చిక్కింది. కడుపులో బరువుగా ఉంటోందని, నాలుగు ముద్దలు తినేసరికి నిండిపోతోందని చెప్పింది. వకుళే దగ్గరుండి పరీక్ష చేయించింది. తెరమీద ఏమీ లేవలేదు, పచ్చదీపం వెలిగింది.

“ఏమీ లేదు రత్నం. గ్యాసు,” అంది వకుళ.

“మీరు చూశారుగా అమ్మా, ఇంకేంటి,” అని గంగరత్నం బుట్టలోంచి పొట్లం తీసి ఇచ్చింది. ఎండబెట్టిన చిన్నచేపలు, మెత్తళ్ళు. మీ ఆయన తినకపోతే పొరుగోళ్ళకి పెట్టండి, పారెయ్యకండి అని మరీ చెప్పి పోయింది.

వకుళకి ఆ క్షణాన సున్నా సంగతి గుర్తు రాలేదు. అది చెప్పుకోవాలి. యంత్రం సున్నా కింద ముంచేసేది ఎవరిని అని ఎవరైనా అడిగితే ఆమె నోట మొదట వచ్చే పేరు గంగరత్నం. ఆ గంగరత్నమే ఎదురుగా కూర్చుంటే పచ్చదీపాన్ని నమ్మింది. తన చేత్తో పెట్టిన అబద్ధాన్ని తనే నమ్మేంతగా అలవాటు పడిపోయింది.

వానాకాలం సగమయ్యేసరికి గంగరత్నం కడుపు ఎత్తుగా కనబడసాగింది. ఉప్పల్లో పక్క బుట్టల ఆడవాళ్ళు, ఈ వయసులో ఏంటే నీకీ సంబరం అని ఎకసెక్కాలాడారు. ఆమె కూడా నవ్వింది. ఒకరోజు బుట్ట ఎత్తుకోలేక కూలబడింది. పెద్దాసుపత్రిలో స్కానింగు తీశారు. అండాశయం. కడుపంతా నీరు.

యాకోబు ఫోను చేసి చెప్పిన వెంటనే వకుళ ఫ్రీజరు తెరిచింది. వేసవి పరీక్షల నాడు ఆమె ఇచ్చిన నెత్తురు కొంచెం మిగిలి ఉంది. గంగరత్నం పాత నెత్తురు, ఆ నేలగీత నెత్తురు, రెండే గొట్టాలున్నాయి. మిగతావన్నీ యంత్రం చదివి తినేసింది. ఒక గొట్టం వాడి ఆ ఒక్క పరీక్షకి పాత సున్నా పెట్టింది. దానిమీద వేసవి నాటి చుక్కని వేసింది. టీ తాగి వచ్చేంత సేపు అక్కడే నిలబడింది.

గీత లేచింది. చిన్నదే, చిటికెనవేలి గోరంత. పాలు తాగని, మాంసం తినని మనిషికి లేవకూడని గీత. యాకోబుకి కూర వండిన గిన్నెల్లోంచి అంటిన రవ్వంతనే కణితి ఏరి పోగేసుకుంది.

ఆసుపత్రిలో యాకోబు మెట్ల కింద కుళాయి దగ్గర టిఫిన్ డబ్బా కడుగుతున్నాడు. వకుళ వెళ్ళి పక్కన నిలబడి చెప్పింది. దాచకుండా చెప్పింది. పాల సంగతి, సున్నా సంగతి, గోరంత గీత సంగతి.

“అప్పుడే కనపడేదా మేడమ్?”

“కనపడేది.”

“అంటే మిసను చూసింది. మనకి చెప్పలేదు.”

“చెప్పొద్దని నేనే పెట్టాను యాకోబూ.”

అతను డబ్బా కడగడం ఆపలేదు. కడిగిందాన్నే మళ్ళీ కడిగాడు. కాసేపటికి, లోపలికెళ్ళి ఆమెకి మీరే చెప్పండి, నా వల్ల కాదు అన్నాడు.

గంగరత్నం మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. ముఖం ఎముకలు తేలింది, కళ్ళు మాత్రం అవే. వకుళ చెప్పడం మొదలుపెట్టి రెండుసార్లు ఆగింది. గంగరత్నం అంతా విన్నది. అర్థం కానిచోట మళ్ళీ అడిగింది. తన నెత్తురు సరిపోలేదనా డైరెక్టరు గారి నెత్తురు పెట్టారు అని అడిగింది. సరిపోకపోవడం కాదు, నీదే సరైనది అంది వకుళ.

“మరి మీకా సంగతి తెలుసుగా.”

“తెలుసు.”

గంగరత్నం కిటికీ వైపు చూసింది. వకుళ తిట్టమన్నట్టు కూర్చుంది. తిడితే కొంచెం తేలిగ్గా ఉండేది. చివరికి వకుళే చెప్పింది, ఫ్రీజరులో నీ మంచి నెత్తురు ఒక్క గొట్టం మిగిలింది, దాంతో ఇక్కడి యంత్రానికి సున్నా మళ్ళీ పెడితే ఆసుపత్రుల్లో యంత్రాలన్నీ దాన్నే అందుకుంటాయి, అయితే అది అయిపోతుంది, ఇక ఉండదు, నువ్వు ఒప్పుకుంటేనే అని.

“తీసుకోండి. అది దాచి నేనేం చేసుకుంటాను,” అంది గంగరత్నం. తర్వాత వకుళ చెయ్యి పట్టుకుంది. పట్టులో బలం లేదు. “ఒక్కటి చెయ్యండి అమ్మా. మా ఆయన ఆ రోజు చేతులు కడుక్కున్నాడని చెప్పండి. అందరి ముందు అడిగారుగా. అందరి ముందే చెప్పండి. ఇంటికొచ్చి అన్నం తినేముందు ఇప్పటికీ తోముతాడు. తోలు ఊడేట్టు తోముతాడు. నేనెన్నిసార్లు చెప్పినా ఇనడు.”

దసరాకి ఇంకా వారం ఉందనగా గంగరత్నం పోయింది. గిలకలదిండి నుంచి అన్నదమ్ములు వచ్చి తీసుకెళ్ళారు.

ఆయుధపూజ రోజు మళ్ళీ పసుపు, మళ్ళీ నిమ్మకాయ. ఈసారి అతిథులు ఎక్కువ. సోమయాజులు గారు మాట్లాడి కూర్చోగానే వకుళ లేచింది. ముందే అనుకున్న మాటలన్నీ మర్చిపోయింది. మిగిలింది ఒక్కటే.

“పోయిన దసరాకి యాకోబు చేతులు కడుక్కున్నాడు,” అంది.

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు మిగతాదంతా చెప్పింది. పాలు, సున్నా, గంగరత్నం. ఆసుపత్రుల్లో పచ్చదీపం చూసి ఇంటికెళ్ళిన పాలు తాగని ఆడవాళ్ళందరినీ వెనక్కి పిలవాలంది. మధ్యలో సోమయాజులు గారు, కూర్చో తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం అన్నారు. రెండోసారి అనలేదు. ఆయన తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నారు.

యాకోబు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, జంతుశాల నీలంచొక్కాలో. వకుళ ఆఖరి గొట్టం తీసి అతని ముందు పట్టుకుంది. నువ్వే వెయ్యి యాకోబూ అంది.

“మీరే వెయ్యండి మేడమ్,” అన్నాడు అతను. “నా చెయ్యి పడితే రేపెవరో మళ్ళీ అడుగుతారు.”

ఆమె వేసింది. చుక్క ఒలకలేదు. యంత్రం నరకడం మొదలుపెట్టింది. కొసనుంచి ఒక్కొక్క చక్కెరే రాలిపోతుంటే తెరమీద గీత నడిచింది. ఎక్కడా లేవలేదు. నేలమీద గీసినట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెళ్ళి ఆగింది. సున్నా కుదిరిందని యంత్రం చిన్నగా కూత పెట్టింది.

వాడిన గొట్టాన్ని ఎర్రసంచిలో పడెయ్యాలి. నిబంధన అది. యాకోబు చెయ్యి చాపాడు. తోమి తోమి వేళ్ళ సందుల్లో తోలు పగిలి ఉంది. వకుళ ఖాళీ గొట్టాన్ని అతని అరచేతిలో పెట్టింది. అతను దాన్ని రుమాల్లో చుట్టి చొక్కాజేబులో పెట్టుకుని, బోనులు కడగాల్సినవి ఇంకా ఉన్నాయని చెప్పి వెళ్ళిపోయాడు.